న్యాయవాది ఎర్స్కిను ప్రభువు

న్యాయస్థానమున న్యాయమూర్తి ఎత్తయిన పీఠముపై కూర్చుండును. న్యాయవాది క్రింద నిలిచి మాటలాడును. న్యాయమూర్తికి ఆజ్ఞాపించుటకును, శిక్షించుటకును అధికారము కలదు. న్యాయవాదికి వాక్కు తప్ప వేరు బలము లేదు. ఆ వాక్కును న్యాయమూర్తి అడ్డగించిన నాడు న్యాయవాది యేమి చేయవలెను? అడ్డగించినను న్యాయవాది వెనుదీయని నాడు న్యాయమూర్తి యేమి చేయవలెను? ఈ రెండు ప్రశ్నలకు ధర్మశాస్త్ర గ్రంథములలో కంటె ఒక మహాపురుషుని జీవితమునందే సమాధానము స్పష్టముగా దొరకును. ఆయన పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండు దేశమున వాదపటిమకు పేరుగాంచిన టామస్ ఎర్స్కిను.

ఎర్స్కిను 1750వ సంవత్సరము జనవరి నెలలో స్కాట్లండు ముఖ్యపట్టణమైన ఎడింబరో నగరమున జన్మించెను. తండ్రి బకన్ వంశపు పదవ ఎర్లు. వంశము ప్రాచీనమైనదే గాని ఆస్తి కరిగిపోయి బిరుదము మాత్రము మిగిలియుండెను. ఆ ప్రభువు కుటుంబము నగరములోని ఒక ఎత్తయిన మేడలో పై అంతస్తున సామాన్యుల వలె కాపురముండెను. తల్లి విద్యావతి. బిడ్డలకు తొలి చదువు ఆమెయే చెప్పెను. పెద్దకుమారుడు ఎర్లు పదవికి వారసుడు. రెండవవాడైన హెన్రీ న్యాయశాస్త్రము చదివి స్కాట్లండులో పేరుపొందిన న్యాయవాది యయ్యెను. అన్నల చదువులకే ఉన్న ధనము చాలకపోవుటచే, విద్యావృత్తులపై కోరిక గల టామస్ 1764లో తన పదునాలుగవ యేట నౌకాదళమున చేరవలసివచ్చెను.

నాలుగేండ్లు వెస్టిండీస్ సముద్రములలో తిరిగి వచ్చుసరికి తండ్రి గతించియుండెను. తనకు వచ్చిన కొద్దిపాటి పిత్రార్జితముతో 1768లో సైన్యమున చిన్న ఉద్యోగము కొనెను. ఆ కాలమున ఇంగ్లండు సైన్యములో ఉద్యోగములను వెలయిచ్చి కొనుట ఆచారము. 1770లో ఫ్రాన్సెస్ మూర్ అను కన్యను వివాహమాడెను. సేనతో మినోర్కా ద్వీపమున నివసించిన కాలమున ఆంగ్ల మహాకవులైన షేక్స్పియరును, మిల్టనును శ్రద్ధగా చదివెను. పాఠశాలలో దొరకని విద్యను ఆయన ఇట్లు స్వయంకృషిచే సంపాదించెను. తరువాతి కాలమున ఆయన వాదములలో కానవచ్చిన భాషాశుద్ధికి ఈ పఠనమే పునాది.

సైనికోద్యోగిగా నున్నప్పుడు ఆయన ఒకనాడు ఒక పట్టణమున జరుగుచున్న న్యాయవిచారణ చూడబోయెననియు, అచట పీఠముపై నున్న ప్రధాన న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డు ప్రభువు ఆ యువకుని వంశము తెలిసికొని తన ప్రక్కన కూర్చుండబెట్టుకొనెననియు చరిత్రకారులు చెప్పుదురు. పేరుగల న్యాయవాదుల వాదములు విన్న ఎర్స్కినుకు తాను అంతకంటె బాగుగా వాదింపగలనని తోచెను. ఆ మాటను మాన్స్‌ఫీల్డుతోనే చెప్పగా, ఆ పెద్దమనిషి పరిహసింపక తల్లి అనుమతి పొంది ప్రయత్నింపుమని ప్రోత్సహించెను. ఆ మాన్స్‌ఫీల్డు ఎదుటనే ఎర్స్కిను తన తొలి కేసు వాదించుట తరువాతి కథ.

1775లో ఎర్స్కిను లండనులోని లింకన్స్ ఇన్ అను న్యాయవిద్యాసంస్థలో చేరెను. విశ్వవిద్యాలయ పట్టము గలవారికి శిక్షణకాలము అయిదేండ్లకు బదులు మూడేండ్లే యగుటచే కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలోను పేరు నమోదు చేయించుకొనెను. పనిలోని మెలకువలు నేర్చుటకు ఫ్రాన్సిస్ బుల్లరు అను న్యాయవాదికి శిష్యుడయ్యెను. గురువు శిష్యునికంటె నాలుగేండ్లు మాత్రమే పెద్ద. ఆ మూడేండ్లు ఎర్స్కిను కుటుంబము కటిక పేదరికము ననుభవించెను. భార్యాబిడ్డలతో నగరము వెలుపల చౌక బసలో ఉండి, చౌక మాంసముతో కడుపు నింపుకొని కాలము గడిపెను. 1778 జూలై 3వ తేదీన ఆయనకు న్యాయవాదిగా ప్రవేశము లభించెను. ఆ యేడే బుల్లరు ముప్పది రెండేండ్ల వయస్సున న్యాయమూర్తి యయ్యెను.

గ్రీనిచ్ అను చోట వృద్ధులును వికలాంగులును అయిన నావికులకు ఒక పెద్ద ఆశ్రయస్థానము ఉండెను. దాని ఉపపాలకుడు బెయిలీ అను వృద్ధ నౌకాధికారి. నావికులకు చెందవలసిన పదవులను సముద్రము నెరుగనివారికి కట్టబెట్టుచున్నారనియు, ఇందుకు కారణము నౌకామంత్రి శాండ్విచ్ ప్రభువు ఎన్నికల ప్రయోజనములే యనియు, నిధులు పక్కదారి పట్టి నావికుల తిండి చెడినదనియు ఆయన ఒక పుస్తకము ప్రకటించెను. వెంటనే ఆయన పదవి నుండి తొలగింపబడెను. మంత్రి స్వయముగా ముందునకు రాక, ఆ సంస్థలోని చిన్న ఉద్యోగులచే బెయిలీపై దూషణ నేరము మోపుటకు కోర్టు అనుమతి కోరించెను.

బెయిలీ తరఫున అయిదుగురు న్యాయవాదులు. అందరికంటె చిన్నవాడు ఎర్స్కిను. 1778 నవంబరులో కింగ్స్ బెంచి కోర్టున విచారణ జరిగెను. పెద్ద న్యాయవాదులు తమ వాదములతోనే తొలిదినమంతయు గడిపిరి. మరునాడు ఎవ్వరును ఎదురుచూడని విధమున ఈ కొత్తవాడు లేచి నిలిచెను. చిన్న ఉద్యోగుల వెనుక దాగియున్న శాండ్విచ్ ప్రభువు పేరు ఎత్తెను. శాండ్విచ్ ప్రభువు ఈ కోర్టు ఎదుట లేడని మాన్స్‌ఫీల్డు ఆయనను ఆపెను. లేడు గనుకనే ఆయనను కోర్టు ఎదుటికి తీసికొనివత్తునని ఎర్స్కిను బదులు చెప్పి, మంత్రి చేసిన అక్రమమును వివరించెను. మాన్స్‌ఫీల్డు మరల ఆపలేదు. వాదము పూర్తిగా విని, తుదకు బెయిలీకి అనుకూలముగా తీర్పు చెప్పెను.

ఆనాడు కోర్టు విడిచి వచ్చుసరికే ఎర్స్కిను చుట్టు కేసులు తెచ్చువారు మూగిరి. అంతటి న్యాయమూర్తిని ఎదిరించుటకు ధైర్యమెట్లు వచ్చినదని యెవరో అడుగగా, ఆకలిగొన్న తన బిడ్డలు గౌను పట్టి లాగుచు అన్నము పెట్టుమని అడిగినట్లు తోచినదని ఆయన చెప్పెనందురు. ఆ సమాధానము చతురమైనదే. కాని ఆ దినమున జరిగిన దానిలో ఎక్కువ ప్రశంసింపదగినవాడు మాన్స్‌ఫీల్డు. ఆయన దేశములోని న్యాయమూర్తులలో శ్రేష్ఠుడు. ఎదుటివాడు అయిదు నెలల అనుభవము లేనివాడు. ఒక్క కఠినమైన మాటతో ఆ యువకుని కూర్చుండబెట్టి యుండవచ్చును. అడ్డుమాట ఒకటి చెప్పి, దానికి వచ్చిన బదులు విని, బదులు సరియైనదని యెంచి ఊరకుండుట పెద్దరికము. తన అధికారమును ధిక్కరించినాడను కోపమును ఆయన మనస్సున పెట్టుకొనలేదు. ఎర్స్కిను సైతము జీవితాంతము మాన్స్‌ఫీల్డును గురువువలె గౌరవించెను.

రెండేండ్లు తిరుగకమునుపే ఈ ఇరువురకును మరొక పరీక్ష వచ్చెను. 1780 జూనులో లార్డు జార్జి గోర్డన్ అను ప్రభువు కాథలిక్కులకు ఇచ్చిన సదుపాయములను రద్దుచేయ కోరుచు జనసమూహముతో పార్లమెంటునకు వెళ్ళెను. అది పెద్ద అల్లరిగా మారి లండను నగరము కొన్ని దినములు తగులబడెను. అల్లరిమూక మాన్స్‌ఫీల్డు ఇంటిపైబడి, ఆయన జీవితమంతయు కూర్చుకొనిన గ్రంథాలయమును వ్రాతప్రతులతో సహా బూడిద చేసెను. పుస్తకములను ప్రేమించువారికి ఆ నష్టమెంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. 1781 ఫిబ్రవరిలో గోర్డనుపై రాజద్రోహ విచారణ జరిగినప్పుడు పీఠముపై కూర్చున్నది ఆ మాన్స్‌ఫీల్డే. ముద్దాయి తరఫున నిలిచిన ఇద్దరిలో ఒకరు ఎర్స్కిను. అర్ధరాత్రి దాటిన పిమ్మట లేచి, చుట్టు మూగిన జనము చేసిన నేరమును ముద్దాయి ఉద్దేశమునకు అంటగట్టరాదని ఆయన వాదించెను. ఇల్లు కాలినవాని ఎదుటనే ఆ వాదము ఆటంకము లేక సాగెను. జ్యూరీ గోర్డనును నిర్దోషి యని విడిచిపెట్టెను.

1784లో జరిగిన మరియొక విచారణ ఎర్స్కిను జీవితమునకు కిరీటము వంటిది. దానికి మన దేశముతోను సంబంధము కలదు. సంస్కృత పండితుడును, కాళిదాసు శాకుంతలమును ఆంగ్లమునకు తెచ్చినవాడును అగు సర్ విలియం జోన్సు 1782లో ఒక చిన్న పుస్తకము వ్రాసెను. ఒక పండితునికిని ఒక పల్లెటూరి రైతునకును జరిగిన సంభాషణగా, ప్రభుత్వము ప్రజల సమ్మతిపై నిలిచినదని అందు బోధించెను. జోన్సు బావమరిదియు, సెయింట్ అసాఫ్ దేవాలయ డీనును అగు షిప్లీ దానిని అచ్చువేయించెను. అందుకు షిప్లీపై రాజదూషణ నేరము మోపబడెను. విచారణ నాటికి గ్రంథకర్త యగు జోన్సు కలకత్తా సుప్రీము కోర్టున ఇంగ్లండు రాజు నియమించిన న్యాయమూర్తిగా కూర్చుండి, ఏషియాటిక్ సొసైటీని స్థాపించియుండెను. వ్రాసినవాడు రాజుగారి న్యాయమూర్తి. అచ్చువేయించినవాడు రాజుగారి కోర్టున ముద్దాయి!

ఆనాటి కోర్టుల పద్ధతి ప్రకారము దూషణ కేసులలో జ్యూరీ తేల్చవలసినది, ముద్దాయి ఆ రాతను ప్రకటించెనా, అందలి మాటల అర్థము అభియోగమున చెప్పినట్లే యున్నదా యను విషయములు మాత్రమే. ఆ రాత నేరమగునా కాదా యని తేల్చువారు న్యాయమూర్తులు. అచ్చువేయించితినని ఒప్పుకొన్నవానికి ఇక జ్యూరీ వలన మేలు ఏమున్నది? ప్రభుత్వమును విమర్శించిన రాత నేరమా కాదా యని ప్రభుత్వము నియమించిన న్యాయమూర్తులే తేల్చుట ప్రజల స్వేచ్ఛకు ముప్పని ఎర్స్కిను నమ్మెను. రాత యొక్క దోషము సైతము జ్యూరీయే నిర్ణయింపవలెనని ఆయన వాదము.

1784 ఆగస్టులో ష్రూస్బరీ పట్టణమున విచారణ జరిగెను. పీఠముపై నున్న న్యాయమూర్తి బుల్లరు. అనగా ఎర్స్కినుకు వృత్తి నేర్పిన గురువు. జ్యూరీ ఆలోచించి వచ్చి, ముద్దాయి ప్రచురించిన నేరము మాత్రము చేసినాడని చెప్పెను. ఆ మాత్రము అను మాటలోనే విషయమంతయు ఇమిడియున్నది. ప్రచురించుట తప్ప వేరు దోషము లేదని జ్యూరీ భావము. ఆ మాట తీర్పులో చేర వీలులేదని బుల్లరు తలచెను. అది చేరవలెనని ఎర్స్కిను పట్టుబట్టెను. ఆ మాట తమదేనా యని జ్యూరీవారినే ప్రశ్నించి, వారి చేత అవుననిపించెను. బుల్లరు సహనము తగ్గెను. కూర్చుండుమని ఎర్స్కినును ఆదేశించి, కూర్చుండనిచో వేరువిధమున చర్య తీసికొనవలసివచ్చునని హెచ్చరించెను. చర్య అనగా కోర్టు ధిక్కారమునకు శిక్ష యని అచటనున్న అందరికిని తెలియును. ఎర్స్కిను స్వరము పెంచలేదు, నిందావాక్యము పలుకలేదు. న్యాయమూర్తికి తన విధి యెట్లు తెలియునో తనకును తన విధి అట్లే తెలియుననియు, ఆ చర్య యేదైనను తన నడవడి మారదనియు మాత్రము చెప్పి నిలిచియుండెను.

సభ నిశ్శబ్దమయ్యెను. బుల్లరు చర్య తీసికొనలేదు. జ్యూరీతో మాటలు సాగించి, ప్రచురించినాడు గాని దూషణమగునో కాదో తాము తేల్చలేదను తీర్పును నమోదు చేయించెను.

ఈ ఘట్టమును చెప్పువారు ఎర్స్కిను ధైర్యమును కొనియాడుదురు. అది యుక్తమే. కాని ధైర్యమునకును దురుసుతనమునకును గల తేడా ఇచట గమనింపదగినది. ఆయన నిలిచినది తన గౌరవము కొరకు గాక జ్యూరీ పలికిన ఒక మాట కొరకు, దానిపై ఆధారపడిన ముద్దాయి కొరకు. తనదైన విషయములో తలవంచుట న్యాయవాదికి వినయము. కక్షిదారు విషయములో తలవంచుట అతనికి ద్రోహము. ఇక బుల్లరు సంగతి. ఆయన అనుసరించిన పద్ధతి తన కల్పన కాదు. అది కోర్టులు చాలకాలముగా పాటించుచున్నది. కావున ఆయన తన విధినే చేయుచుంటినని తలచెను. శిక్షించు అధికారము చేతనుండియు, నిండుసభలో శిష్యునిచే ఎదుర్కొనబడియు, ఆయన చేయి దిగబట్టెను. ఆనాడు ఎర్స్కినును జైలునకు పంపియున్నచో మరునాటి నుండి ఇంగ్లండులో ఏ న్యాయవాదియు రాజుగారి అభియోగమును నిర్భయముగా ఎదిరించి యుండడు.

1784 నవంబరులో ఎర్స్కిను మరల విచారణ కోరుచు కింగ్స్ బెంచి కోర్టున వాదించెను. మాన్స్‌ఫీల్డును, ఆయన తోడి న్యాయమూర్తులును పాత పద్ధతియే సరియని తీర్పు చెప్పిరి. ఎర్స్కిను ఓడెను. కాని అభియోగపత్రమే లోపభూయిష్ఠమని ఆయన మరియొక వాదము తెచ్చెను. ఆ వాదము సరియని అదే కోర్టు అంగీకరించి షిప్లీని విడిచిపెట్టెను. సిద్ధాంతమున తమతో విభేదించిన న్యాయవాదికి, న్యాయమున్న చోట ఆ న్యాయమూర్తులు న్యాయము చేసిరి. ఎర్స్కిను సిద్ధాంతము సైతము వృథా కాలేదు. పార్లమెంటు సభ్యుడు ఫాక్సు ప్రవేశపెట్టగా ఎర్స్కిను బలపరచిన బిల్లు 1792లో శాసనమయ్యెను. ఆ శాసనముతో దూషణ కేసులలో విషయమంతటిని తేల్చు హక్కు జ్యూరీకి దక్కెను. న్యాయమూర్తులు పాత పద్ధతినే సమర్థించినను పార్లమెంటు ఎర్స్కిను మార్గమునే అంగీకరించెను.

అదే సంవత్సరమున ఆయన ధైర్యమునకు వేరొక దిక్కు నుండి పరీక్ష ఎదురయ్యెను. టామస్ పెయిన్ అను రచయిత రాజరికమును ఖండించుచు మానవ హక్కులను గూర్చి గ్రంథము వ్రాసెను. ప్రభుత్వము ఆయనపై కేసు పెట్టెను. పెయిన్ ఫ్రాన్సునకు వెళ్ళిపోయెను. దేశమంతటను ఆయనపై ద్వేషము రగుల్కొనియుండెను. అప్పటికి ఎర్స్కిను యువరాజునకు అటార్నీ జనరలు. ఈ కేసు వదలుకొమ్మని మిత్రులు హితవు చెప్పిరి. ఆయన వదలలేదు. 1792 డిసెంబరు 18వ తేదీన వాదించెను. ముద్దాయి దోషమును న్యాయవాది ముందుగానే నిర్ణయించి కేసును నిరాకరించినచో, ఆ న్యాయవాది తీర్పునకు మునుపే న్యాయమూర్తి స్థానము నాక్రమించినట్లగునని ఆయన సిద్ధాంతము. జ్యూరీ ప్రభుత్వపక్షపు తుది సమాధానమైనను వినక పెయిన్ దోషి యనెను. యువరాజు కొలువులోని పదవి ఎర్స్కినుకు పోయెను.

1794లో విప్లవభయముచే ప్రభుత్వము సంస్కరణవాదులపై రాజద్రోహ నేరము మోపెను. అందు మొదటివాడు టామస్ హార్డీ అను చెప్పులు కుట్టువాడు. పార్లమెంటు సంస్కరణ కొరకు ఏర్పడిన ఒక సంఘమునకు ఆయన కార్యదర్శి. నేరము రుజువైనచో మరణశిక్ష. అటార్నీ జనరలు సర్ జాన్ స్కాటు ప్రారంభోపన్యాసమే తొమ్మిది గంటలు సాగెను. అక్టోబరు 28 నుండి నవంబరు 5 వరకు విచారణ జరిగి హార్డీ నిర్దోషిగా విడుదలయ్యెను. కాని ఆయన జైలులో నుండగానే భార్య ప్రసవ సమయమున మరణించియుండెను. తరువాత హార్న్ టూకును, థెల్వాలును సైతము విడుదల పొందిరి. ప్రజలు ఎర్స్కిను బండి గుర్రములను విప్పి తామే లాగిరి.

న్యాయవాది అయినవాడు గెలుపునకై ఏ పక్షమునైనను వాదించుననుట లోకములోని అపవాదు. ఎర్స్కిను చరిత్రలో దానికి సమాధానము కలదు. 1797లో పెయిన్ వ్రాసిన మతవిమర్శ గ్రంథమును అమ్మిన విలియమ్స్ అను పుస్తకవిక్రేతపై ఒక సంఘము కేసు పెట్టి ఎర్స్కినును నియమించెను. ఎర్స్కిను దైవభక్తుడు. కావున విశ్వాసముతోనే వాదించి గెలిచెను. తరువాత ఆ విక్రేత ఇంట భార్య కుట్టుపనిచే పొట్టపోసికొనుటయు, బిడ్డలు మశూచితో పడియుండుటయు కన్నులార చూచి, శిక్ష విషయమున దయ చూపుడని తన కక్షిదారులను వేడుకొనెను. వారు నిరాకరించిరి. ఎర్స్కిను ఆ సంఘమునకు వాదించుట మానుకొనెను.

1800 మే 15వ తేదీన హాడ్‌ఫీల్డు అను మాజీ సైనికుడు లండనులోని నాటకశాలలో రాజు మూడవ జార్జిపై పిస్తోలు పేల్చెను. గుండు తగులలేదు. యుద్ధమున తలకు తగిలిన గాయములచే మతి చెడిన ఈ మనిషి పక్షమున ఎర్స్కిను నిలిచెను. మనిషి పశువువలె తెలివి పూర్తిగా కోల్పోయిననే పిచ్చివాడని అప్పటి న్యాయభావన. పనులన్నియు తెలివిగా చేయుచునే యొక భ్రమకు బానిసయై నేరము చేయువాడును పిచ్చివాడేయని ఎర్స్కిను నిరూపింప జూచెను. వైద్యులును, తోటి సైనికులును సాక్ష్యమిచ్చుచుండగా ప్రధాన న్యాయమూర్తి కెన్యన్ విచారణను నడుమనే ఆపెను. సాక్ష్యము చాలునని తనకు తోచినదని చెప్పి అటార్నీ జనరలు అభిప్రాయ మడిగెను. ఆయనయు అంగీకరించెను. పిచ్చిచే నిర్దోషియని జ్యూరీ తీర్పునిచ్చెను. రాజుపై గుండు పేల్చినవాని విచారణలో న్యాయమూర్తియు, ప్రభుత్వ న్యాయవాదియు, ముద్దాయి న్యాయవాదియు ఒక్క సత్యమునకు తలయొగ్గిరి. ఇట్టివారిని నిర్బంధములో నుంచి కాపాడుటకు పార్లమెంటు ఆ యేడే శాసనము చేసెను.

1806 ఫిబ్రవరిలో ఎర్స్కిను ఇంగ్లండు దేశపు లార్డు చాన్సలరు అయ్యెను. జీవితమంతయు క్రింద నిలిచి వాదించినవాడు పీఠమెక్కెను. ప్రభువు బిరుదు వచ్చినప్పుడు తన చిహ్నముపై జ్యూరీ విచారణ యను మాటలనే వ్రాయించుకొనెను. కాని చాన్సలరు కోర్టున నడచు ఆస్తి వ్యవహారముల న్యాయము ఆయన అభ్యసించినది కాదు. కావున ఆ పదవిలో ఆయనకు గొప్ప పేరు రాలేదు. వాదించు శక్తి వేరు, తీర్పు చెప్పు విద్య వేరు అనుటకు ఆయన జీవితమే నిదర్శనము.

అయినను ఆ కొద్దికాలములో ఒక మంచి ఉదాహరణ మిగిల్చెను. 1806లో మెల్విల్ ప్రభువుపై నౌకాదళ ధనము విషయమున పార్లమెంటు మోపిన అభియోగము ప్రభువుల సభలో విచారణకు వచ్చెను. అధ్యక్షుడు ఎర్స్కిను. మెల్విల్ ఎవరు? పూర్వము హెన్రీ డండాసు అను పేరుతో 1794 మే నెలలో హార్డీని నిర్బంధించిన నాటి హోము మంత్రి. నాటి బాధితుని రక్షకుడు నేడు నాటి మంత్రిని విచారింపవలసి వచ్చెను. ఎర్స్కిను సాక్ష్య నియమములను సామాన్య కోర్టులలో వలె గట్టిగా పాటింపజేసెను. వారన్ హేస్టింగ్సుపై జరిగిన విచారణ 1788 నుండి 1795 వరకు ఏడేండ్లు సాగెను. ఇది ఏప్రిలు చివర మొదలై జూనులో ముగిసెను. మెల్విల్ నిర్దోషిగా బయటపడెను. ముద్దాయి పక్షమున నేర్చిన పాఠమును ఎర్స్కిను పీఠముపై మరువలేదు.

1807లో మంత్రివర్గము మారుటచే పదవి పోయెను. చాన్సలరు పదవి చేసినవారు మరల వాదించుట ఆచారము కాదు గనుక ఆయన గొంతు కోర్టులలో మరల వినబడలేదు. మిగిలిన జీవితము సుఖముగా గడువలేదు. భార్య 1805లోనే గతించెను. కూడబెట్టిన ధనము చాలవరకు తరిగిపోయెను. ఆత్మస్తుతి ఆయనకు గల లోపము. పత్రికలవారు దానిని పరిహసించుచు బొమ్మలు గీసిరి. నోరులేని జంతువులను హింసించుటను నిషేధింపవలెనని 1809లో ప్రభువుల సభలో బిల్లు తెచ్చెను, అది నెగ్గలేదు. 1820లో కారొలిన్ రాణిని పదభ్రష్టురాలిని చేయు బిల్లును ఎదిరించెను. 1823 నవంబరు 17వ తేదీన స్కాట్లండులోని ఆమండెల్ అను చోట మరణించెను.

ఎర్స్కిను ప్రభావము ఆయన దేశముతో నిలిచిపోలేదు. భారత రాజ్యాంగములోని 22వ అధికరణము, నిర్బంధింపబడిన వ్యక్తికి తనకు నచ్చిన న్యాయవాది ద్వారా వాదించుకొను హక్కు నిచ్చినది. 2010లో కోయంబత్తూరు న్యాయవాదుల సంఘము ఒక కేసులోని పోలీసుల పక్షమున ఎవ్వరును వాదింపరాదని తీర్మానించిన విషయము సుప్రీము కోర్టు ఎదుటికి వచ్చెను. అట్టి తీర్మానములు చెల్లవని న్యాయమూర్తులు తీర్పు చెప్పుచు, పెయిన్ పక్షమున ఎర్స్కిను నిలిచిన ఉదంతమును స్మరించిరి. రెండు వందల పదునెనిమిది యేండ్ల తరువాత మన దేశపు అత్యున్నత న్యాయస్థానము ఆయన నడవడిని ప్రమాణముగా గ్రహించుట విశేషము.

న్యాయమూర్తికిని న్యాయవాదికిని మధ్య స్నేహము ఉండవచ్చును, ఉండకపోవచ్చును. ముఖస్తుతి ఉండరాదు, పగ అసలే ఉండరాదు. న్యాయవాది ధైర్యము న్యాయమూర్తి ఓర్పు లేనిచో నిష్ఫలము. న్యాయమూర్తి ఓర్పు న్యాయవాది మర్యాద లేనిచో నిలువదు. ష్రూస్బరీ కోర్టున గురుశిష్యు లిరువురును ఒకరినొకరు ఎదిరించిరి. ఇరువురును హద్దు దాటలేదు. ఆ మధ్యనున్న సన్నని చోటనే ఒక పుస్తకము అచ్చువేయించిన మనిషికి రక్షణ దొరకెను. పుస్తకములను నిర్భయముగా అచ్చువేయుటకును, చదువుటకును, పల్లె పల్లెన గ్రంథాలయములలో పదిలపరచుటకును నేడు గల స్వేచ్ఛ, ఇట్టివారు ఇట్టి దినములలో తమ తమ విధులను నెరవేర్చుట వలన లభించిన ఫలము.